మాస్టర్స్‌లో రెండేళ్ళూ సిస్టం డైనమిక్స్ ఒక్కటే చదవడం సరైనదేనా?

మొదటి_సెమ్:
అందరికీ నమస్తే. నా ముందు రెండు దార్లున్నాయి. ఒకటి నార్వేలోని బెర్గెన్‌లో లాగా రెండేళ్ళూ సిస్టం డైనమిక్సే, అంటే ఒక వ్యవస్థ కాలంతో ఎలా మారుతుందో మోడల్ కట్టి చూడటమే, చెప్పే మాస్టర్స్. ఇంకోటి ఆపరేషన్స్ రీసెర్చ్ (నిర్ణయాలకి లెక్కలు కట్టే సబ్జెక్టు), అందులో డిస్క్రీట్ ఈవెంట్ (ఒక్కో ఘటనని విడిగా నడిపి చూసే పద్ధతి), ఏజెంట్ బేస్డ్ (ఒక్కో మనిషిని విడిగా నడిపి చూసేది), సిస్టం డైనమిక్స్ తలా ఒక కోర్సు. నా మనసు మొదటిదాని మీదే ఉంది, స్టాకులు (పేరుకునేవి), ఫ్లోలు (వచ్చిపోయేవి), ఫీడ్‌బ్యాక్ లూపులు (ఫలితం తిరిగొచ్చి కారణాన్నే మార్చడం) అర్థమయ్యాక వార్తలు చదివే తీరే మారిపోయింది నాకు. కానీ ఎవర్నడిగినా "అదొక టూల్, దానికి డిగ్రీ ఎందుకు" అంటున్నారు. చదివినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

చూసేవాడు:
నార్వేలో 2023 నుంచి యూరప్ బయటనుంచి వచ్చే కొత్త స్టూడెంట్లకి ఫీజు పెట్టారు. ముందు అది లెక్కేసుకోండి.

క్యూలైన్:
టూల్ అనే నేనూ అంటాను. ఎందుకో చెప్తా. ఒకే కౌంటరు, గంటకి సగటున 9 మంది వస్తారు, అది గంటకి 10 మంది పని చేయగలదు. దీన్ని స్టాక్ ఫ్లోలో వేస్తే వచ్చేదానికన్నా పంపగలిగేది ఎక్కువ కాబట్టి క్యూ పేరుకోదు, గ్రాఫ్ చదునుగా పడుకుంటుంది. అసలు జరిగేది వేరు, మనుషులు లెక్కప్రకారం రారు, ఒకరి పని రెండు నిమిషాల్లో అయితే ఇంకొకరిది పావుగంట పడుతుంది. ఎం/ఎం/1 అని ఒకే కౌంటరుకి వాడే మామూలు క్యూ ఫార్ములా వేస్తే కౌంటరు బిజీగా ఉండే వంతు 0.9 ని ఖాళీగా ఉండే వంతు 0.1 తో భాగించాలి, అంటే సగటున 9 మంది లోపల నిలబడి ఉంటారు. ఇంత ముఖ్యమైన విషయం కనపడని పద్ధతికి రెండేళ్ళూ ధారపోయడం ఎందుకు అని నా ప్రశ్న. మూడూ నేర్చుకుని ఏది ఎక్కడ పనికొస్తుందో తెలుసుకోవడమే చదువు.

స్టాక్‌ఫ్లో:
క్యూలైన్ గారూ మీ ఉదాహరణ కరెక్టే, ఆ ప్రశ్నకి డిస్క్రీట్ ఈవెంటే వాడాలి, మాకు మొదటి సెమిస్టర్‌లోనే చెప్పారు అది. కానీ మీరు ఆ గంటకి 9 మంది వస్తారన్న అంకెని ఎక్కడనుంచి తెచ్చారు? అదే అసలు ప్రశ్న. క్యూ పెరిగితే జనం రావడం మానేస్తారు, లేదా సమస్య ముదిరాక రెండింతల పనితో వస్తారు, కౌంటర్లో ఉన్నాయన అలిసిపోయి తప్పులు చేస్తాడు, ఆ తప్పులు మళ్ళీ క్యూలోకే వస్తాయి. ఆ 9 బయటనుంచి పడ్డ అంకె కాదు, వ్యవస్థ తనే పుట్టించుకున్నది. ఈ సబ్జెక్టు మొదలైందే అలాంటి కేసుతో. 1950ల్లో జనరల్ ఎలక్ట్రిక్ గృహోపకరణాల ఫ్యాక్టరీలో కొన్నాళ్ళు షిఫ్టుల మీద షిఫ్టులు, కొన్నేళ్ళకి సగంమంది ఇంటికి. బయట మార్కెట్ వల్ల అనుకున్నారు. ఈ సబ్జెక్టు మొదలుపెట్టిన జే ఫారెస్టర్ పెన్సిల్ పట్టుకుని వాళ్ళ నియామకాల పద్ధతి, ఇన్వెంటరీ పద్ధతి చేత్తోనే లెక్క కట్టి చూస్తే ఆర్డర్లు నిలకడగా ఉన్నా సరే ఊగిసలాట వస్తోంది, తీసుకునే నిర్ణయాలే దాన్ని పుట్టిస్తున్నాయి. ఇలా చూడటం ఒక కోర్సులో అలవాటు కాదు.

అర్ధరాత్రి_కోడర్:
ఇవన్నీ సరే గానీ వెన్సిమ్, స్టెల్లా లాంటి మోడలింగ్ సాఫ్ట్‌వేర్లలో బాణాలు గీయడానికి మాస్టర్స్ ఏంటండి. పైథాన్‌లో ఇరవై లైన్లు రాస్తే అదే మోడల్. ముందు కోడింగ్ నేర్చుకోండి.

గణితం_టీచర్:
ఇరవై లైన్లు రాయగలగడం ఒకటి, ఆ లైన్లు చేసే పని తెలియడం ఇంకొకటి. డ్యాంపింగ్ లేని (ఊగిసలాటని తగ్గించేదేం లేని) రెండు స్టాకుల నెగటివ్ లూప్ (మార్పుని వెనక్కి లాగేది) తీసుకుని ఆయిలర్ పద్ధతిలో, అంటే చిన్న చిన్న అంగల్లో తిన్నగా లెక్కేస్తూ, నడపండి. అలల ఎత్తు మారకూడదు, కానీ పెరుగుతూ పోతుంది. సిస్టం కుప్పకూలబోతోందని రిపోర్టు రాసేస్తారు, నిజానికి అది ఇంటిగ్రేషన్ తప్పు. డీటీ (లెక్కలో ఒక్కో టైమ్ స్టెప్) సగం చేసి మళ్ళీ నడిపి చూడటం, ఇలాంటి చోట ఇంకా కచ్చితంగా లెక్కేసే రంగే-కుట్టా పద్ధతి వాడటం, ఇవి చెప్పేవాళ్ళుంటేనే అబ్బుతాయి.

అర్ధరాత్రి_కోడర్:
అదేగా నేననేది, కోడ్ రాస్తేనే అవి తెలుస్తాయి, బాణాలు గీస్తే తెలీదు.

గణితం_టీచర్:
వెన్సిమ్‌లోనూ టైమ్ స్టెప్, ఇంటిగ్రేషన్ పద్ధతి మనమే పెట్టాలండీ. దాచలేదు ఎవరూ.

అర్ధరాత్రి_కోడర్:
పెట్టాలి, కానీ ఎంతమంది చూస్తారు?

క్యూలైన్:
సాఫ్ట్‌వేర్ గొడవ వదిలేయండి. స్టాక్‌ఫ్లో గారు చెప్పిన "అలిసిపోయి తప్పులు చేస్తాడు" దగ్గర నాకు ఇబ్బంది. అలసటకి అంకె ఎక్కడిది? క్లాసులో కూర్చుని ఒక గ్రాఫ్ చేత్తో గీసేసి లుకప్ టేబుల్ అంటారు. ఇది కొత్త విమర్శ కూడా కాదు. ఫారెస్టర్ ప్రపంచ మోడల్ మీద 1973లో ఎకనామిస్ట్ నోర్డ్‌హౌస్ రాసిన పేపర్ పేరులోనే ఉంది, డేటా లేని కొలత అని. ఆ తర్వాత ఆయనకి ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది, అనామకుడేం కాదు.

స్టాక్‌ఫ్లో:
నోర్డ్‌హౌస్ దగ్గరే ఆగిపోతారు అందరూ. అదే కుటుంబానికి చెందిన 1972 నాటి వరల్డ్3 మోడల్‌ని 2008లో గ్రాహం టర్నర్ 30 ఏళ్ళ అసలు డేటాతో పోల్చి చూశాడు, స్టాండర్డ్ రన్‌కి (అప్పటి పోకడే కొనసాగితే మోడల్ చూపించిన గీత) దగ్గరగానే ఉంది.
అలసట సంగతి. కొలత లేదని వదిలేస్తే దాని ప్రభావం సున్నా అని చెప్పినట్టే, కచ్చితంగా తప్పని మనకి తెలిసిన విలువ అదొక్కటే. ఫారెస్టర్ 1961లోనే వాదించాడిది.
పైగా డేటాకి సరిపోతే చాలా? ఎస్ఐఆర్ అనే అంటువ్యాధి మోడల్ తీసుకోండి. రోజుకి బీటా (సోకే రేటు) 0.3, గామా (కోలుకునే రేటు) 0.1 ఒకటి. బీటా 0.4, గామా 0.2 ఇంకొకటి. మొదటి వారాల్లో కేసులు పెరిగే వేగం రెండిట్లోనూ 0.2 యే, డేటాతో రెండూ ఒకేలా సరిపోతాయి. కానీ మొదటిదాంట్లో ఆర్ నాట్ (మొదట్లో ఒకరి నుంచి ఎంతమందికి సోకుతుందో ఆ అంకె) 3, చివరికి 94 శాతం మందికి సోకుతుంది, రెండోదాంట్లో ఆర్ నాట్ 2, 80 శాతం. పీక్‌లో ఒకేసారి జబ్బుతో ఉండేవాళ్ళు 30 శాతమా 15 శాతమా అన్నంత తేడా. ఎన్ని పడకలు సిద్ధం చేయాలో ఆర్ స్క్వేర్డ్ (మోడల్ డేటాకి ఎంత సరిపోయిందో చెప్పే అంకె) చెప్తుందా మీకు?
నా థీసిస్ వైవాలో ఇదే జరిగింది. మోడల్ బౌండరీ (ఏవి లోపల, ఏవి బయట అన్నది) ఎందుకలా పెట్టానో, ఎక్స్‌ట్రీమ్ కండిషన్స్ టెస్టులో ఏమైందో ఎవరూ అడగలేదు. ఒకాయన మొదటి పేజీ కూడా తిప్పకుండా ఆర్ స్క్వేర్డ్ ఎంత అన్నారు, చెప్పాను, తక్కువ అన్నారు, అంతే, అయిపోయింది. రెండేళ్ళ పని. ఇలాంటివాళ్ళని చూసే చెప్తున్నా, ఈ చదువుకి విడిగా చోటు ఉండాలి.

చూసేవాడు:
ఆ 94, 80 అంకెలు, చివరికి ఎంతమందికి సోకుతుందో చెప్పే ఫైనల్ సైజ్ ఫార్ములాలో వేసి చూశా, కరెక్టే.

క్యూలైన్:
మీ వైవా మీద కోపం మామీద చూపిస్తే ఎలా. ఎస్ఐఆర్ ఉదాహరణ నా వాదనే బలపరుస్తోంది. మొదటి వారాల డేటాతో తేల్చలేమంటే రెండు సమాధానాలూ పక్కపక్కన పెట్టి చూపించాలి, మీకు నచ్చిన ఒక్క గీత కాదు. సున్నా తప్పు అయినంత మాత్రాన మీరు చేత్తో గీసింది ఒప్పైపోదు.

స్టాక్‌ఫ్లో:
ఒక్క గీత చూపిస్తామని ఎవరన్నారు? అంకెలు మార్చి మార్చి నడిపి చూసే సెన్సిటివిటీ టెస్టులు, మాంటే కార్లో మేమూ చేస్తాం. ఎప్పుడైనా ఒక మోడల్ మొదట్నుంచి కట్టావా నువ్వు? కట్టనివాళ్ళే ఇలా మాట్లాడతారు.

క్యూలైన్:
నువ్వు అన్నావు కాబట్టి చెప్తున్నా. నేను కట్టలేదు, నామీద కట్టారు. ఇంతకుముందు పనిచేసిన చోట కన్సల్టెంట్లు వచ్చి ఇలాంటి మోడలే చేశారు. అందులో "ఉత్సాహం" అని ఒక స్టాక్, 0 నుంచి 1 దాకా. మాలో ఒక్కర్ని కూడా అడగలేదు. మూడోవంతు మందిని తీసేస్తే కొంతకాలం ఉత్సాహం పడిపోయి మళ్ళీ తేరుకుంటుందని గీత చూపించారు, పైవాళ్ళు ఆ గీత చూసి సంతకం పెట్టారు. మిగిలినవాళ్ళం ఇద్దరి పని ఒక్కళ్ళం చేశాం. గీతలో లేచిన ఉత్సాహం మాకు లేవలేదు. స్ప్రెడ్‌షీట్ తెచ్చి ఉంటే ఎవరైనా లెక్క అడిగేవాళ్ళు, లూపులు బాణాలు అంత అందంగా కనపడేసరికి ఎవరూ నోరెత్తలేదు. నాకు ఆ సబ్జెక్టు మీద పగ లేదు. కొలవని దానికి అంకె ఇచ్చి దాన్ని మనుషుల మీద వాడే హక్కు ఎవరిచ్చారు అన్నదే నా ప్రశ్న.

గణితం_టీచర్:
ఇప్పుడు అసలు విషయం బయటికొచ్చింది. ఇంతసేపూ ఎం/ఎం/1 గురించి కాదు మనం పోట్లాడింది.

స్టాక్‌ఫ్లో:
క్యూలైన్ గారూ, అది ఘోరం. కానీ ఆ మోడల్‌లో తప్పు అలసటకి అంకె ఇవ్వడం కాదు, లోపల పనిచేసేవాళ్ళని పిలవకుండా ఇవ్వడం. గ్రూప్ మోడల్ బిల్డింగ్ అని నెదర్లాండ్స్‌లో నైమెగెన్ రాడ్‌బౌడ్ యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి దీనిమీదే పనిచేశారు, సమస్యలో ఉన్నవాళ్ళనే గదిలో కూర్చోబెట్టి వాళ్ళచేతే లూపులు గీయిస్తారు. తీసేస్తే మిగిలినవాళ్ళ మీద పని పెరుగుతుంది, అలసట, తప్పులు, రీవర్క్, రాజీనామాలు, మళ్ళీ పని. ఈ లూప్ మీరైతే ఐదు నిమిషాల్లో గీసేవాళ్ళు. ఒక్క కోర్సు చదివి వచ్చినవాడికి సాఫ్ట్‌వేర్ వస్తుంది, ఇది రాదు. అందుకే రెండేళ్ళు అంటున్నా.

క్యూలైన్:
రెండేళ్ళు చదివినవాడు పిలుస్తాడని గ్యారంటీ ఏంటి? పిలవాలా వద్దా అన్నది డబ్బిచ్చేవాడు తేలుస్తాడు, డిగ్రీ కాదు.

అర్ధరాత్రి_కోడర్:
ఆ మోడల్ ఫైల్ ఉంటే పెట్టండి, ఆ ఉత్సాహం లుకప్ మార్చి నడిపి చూస్తా. పైఎస్‌డీ అనే పైథాన్ లైబ్రరీతో వెన్సిమ్ ఫైల్‌ని పైథాన్‌లోకి మార్చుకోవచ్చు.

క్యూలైన్:
ఫైల్ మాకెవరిచ్చారు? స్లైడ్ మాత్రమే చూపించారు.

మొదటి_సెమ్:
అందరికీ థాంక్స్. స్టాక్‌ఫ్లో గారూ, ఆ గ్రూప్ మోడల్ బిల్డింగ్‌ని థీసిస్‌కి తీసుకోవచ్చా, లేక దానికీ ఆర్ స్క్వేర్డే అడుగుతారా?

స్టాక్‌ఫ్లో:
గైడ్ ఎవరన్నదాన్ని బట్టి. అప్లై చేసేముందు మెయిల్ పెట్టి, వాళ్ళ దగ్గర చేసిన పాత థీసిస్‌ల్లో వాలిడేషన్ (మోడల్‌ని నమ్మొచ్చా అని పరీక్షించే) చాప్టర్ చదవండి, ఏ టెస్టులు చేశారో అక్కడే తెలుస్తుంది.

క్యూలైన్:
అదే చాప్టర్లో మోడల్ ఎవరిగురించో వాళ్ళతో మాట్లాడారా లేదా కూడా చూడు తమ్ముడూ. లేకపోతే ఆ గైడ్ దగ్గరికి వెళ్ళకు.