స్పెండ్‌త్రిఫ్ట్ అంటే పొదుపరి ఎందుకు కాదు?

నిన్న మన గ్రూపులో ఒక టీచరమ్మ అడిగారు: "త్రిఫ్ట్ అంటే పొదుపు కదా, మరి స్పెండ్‌త్రిఫ్ట్ అంటే దుబారా మనిషి ఎట్లయింది? పిల్లలకు ఏం చెప్పాలె?"

ఈ ప్రశ్న మా ఇంట్లో ఒకసారి పెద్ద గొడవే లేపింది మేడమ్. మా మేనకోడలు ఇంటర్ పరీక్షలో ఈ మాటకు 'ఆచితూచి ఖర్చు పెట్టేవాడు' అని రాసి మార్కు పోగొట్టుకుంది. ఇంటికొచ్చి "మనింట్ల అందరు త్రిఫ్ట్ అంటే పొదుపే అంటరు గదా మామా, నాది తప్పెట్లయితది?" అని ఏడ్చింది. ఆ పిల్ల అన్నదాంట్లో న్యాయం ఉంది. మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే వాడ. మా దగ్గర త్రిఫ్ట్ అనేది మగ్గం దగ్గర రోజూ వినబడే మాట. 2017లో మొదలైన నేతన్నకు చేయూత పథకంలో చేనేత కార్మికుడు తన కూలిలో 8 శాతం జమ చేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపేది. పథకం పేరు ఏదైనా మావాళ్ల నోట్లో అవి 'త్రిఫ్ట్ పైసలే'. ఇంగ్లీషు అక్షరం రాని ముసలాయన కూడా "త్రిఫ్ట్ పడ్డదా?" అని అడుగుతాడు.

ఇక అసలు విషయం. త్రిఫ్ట్ మొదటి అర్థం పొదుపు కాదు, ఎదుగుదల. ఇంగ్లీషులో త్రైవ్ అని ఒక క్రియ ఉంది, వర్ధిల్లడం అని అర్థం. డ్రైవ్ పక్కన డ్రిఫ్ట్, గివ్ పక్కన గిఫ్ట్ ఎట్లనో, త్రైవ్ పక్కన త్రిఫ్ట్ అట్ల. ఈ రెండూ స్కాండినేవియావాళ్ల పాత నార్స్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చాయి. ఆ భాషలో మూలధాతువుకు చేత్తో గట్టిగా పట్టుకోవడం అని అర్థం. తనకోసం పట్టుకోవడం, నిలదొక్కుకోవడం, బాగుపడటం అని అక్కడి నుంచి అర్థం సాగింది. మన 'పొదువుకోవడం' గుర్తుకు రావట్లేదా? తల్లి బిడ్డను పొదువుకుంటుంది, కోడి గుడ్లను పొదుగుతుంది, మనం పైసలు పొదుపు చేస్తాం. చెవికి ఇవన్నీ చుట్టాల్లాగే వినిపిస్తాయి.

కాబట్టి పాత ఇంగ్లీషువాళ్లకు త్రిఫ్ట్ అంటే కలిమి, సంపాదించి కూడబెట్టింది. షేక్‌స్పియర్ నాటకంలో వడ్డీ వ్యాపారి షైలాక్ తన లాభాన్ని త్రిఫ్ట్ అనే అంటాడు. పిక్‌పాకెట్ అంటే పాకెట్ కొట్టేవాడు అయినట్టే, స్పెండ్‌త్రిఫ్ట్ అంటే త్రిఫ్ట్‌ను, అంటే ఉన్న కలిమిని, ఖర్చు పెట్టి ఊడ్చేసేవాడు. తర్వాత త్రిఫ్ట్ అర్థం పొదుపు వైపు జరిగింది గానీ ఈ జంటమాట మాత్రం పాత అర్థాన్ని వదల్లేదు. పిల్లలకు పిక్‌పాకెట్ ఉదాహరణ చెప్పి చూడండి మేడమ్, మా మేనకోడలు ఒక్క నిమిషంలో పట్టేసింది.

త్రిఫ్ట్ పేరుతో ఒక మొక్క కూడా ఉంది. సముద్రం ఒడ్డున రాళ్ల సందుల్లో, ఉప్పుగాలికి కూడా ఏపుగా పెరిగి గులాబీ రంగు పూలు పూస్తుంది. 1937లో బ్రిటన్ పన్నెండు అంచుల ఇత్తడి మూడు పెన్నీల నాణెం మీద ఆ మొక్కనే అచ్చువేసింది. పొదుపు, ఎదుగుదల రెండూ ఒకే నాణెం మీదకు రావడం నాకు ఎంతగానో నచ్చింది.

కింద కామెంట్లో ఒక తమ్ముడు ఫ్రూగల్ (పొదుపుగా ఉండే) అనే మాట గురించి అడిగాడు. అది లాటిన్‌ది, పండు, పంట అనే మాట నుంచి పుట్టింది. అక్కడ కూడా ఫలమే, కట్టడి కాదు. పిసినారికి వాడే మైజర్ మాత్రం లాటిన్‌లో 'దీనుడు, దౌర్భాగ్యుడు' అని. పొదుపరిని, పిసినారిని ఒకే గాటన కట్టేవాళ్లకు ఈ రెండు మాటల పుట్టుక చూపించాలి.

త్రిఫ్ట్ పాత అర్థానికి మన దగ్గర సరిగ్గా సరిపోయే మాట నన్నడిగితే బర్కత్. ఉర్దూ నుంచి వచ్చినా ఇప్పుడది మనదే. "ఆమె చేతిల బర్కత్ ఉన్నది" అంటే ఆమె పైసలు దాస్తుందని కాదు, ఉన్నది ఆమె చేతిలో పెరుగుతుందని. మా అమ్మమ్మది నర్సంపేట దిక్కు. కల్లం కాడ వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి 'ఒకటి' అనేది కాదు, 'లాభం' అనేది. తర్వాత రెండు, మూడు. ఆ 'లాభం' అన్నప్పుడు కుంచం మీద చెయ్యి ఒక్క క్షణం ఆపేది, గింజలు ఇంకొన్ని జారి నిండేదాకా.

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు మొదటి కుంచానికి ఏమంటారో తెలిసినవాళ్లు రాయండి.