ఆర్థిక వ్యవస్థ నడకను ముందుగా చెప్పగలమా?

ప్రశ్న:
గ్రహణం ఏ నిమిషంలో పడుతుందో ఏళ్ల ముందే చెప్పగలుగుతున్నాం. అయితే 2008 సెప్టెంబరులో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసేవరకు అప్పటి ఆర్థిక సంక్షోభం తీవ్రతను ఆర్థికవేత్తల్లో చాలామంది పసిగట్టలేకపోయారు. లోపం లెక్కల్లో ఉందా, లేక విషయమే లెక్కకు అందనిదా?

మొదటి సమాధానం:
మనం ఏమనుకున్నా చంద్రుడు దారి మార్చుకోడు; మనుషులు మాత్రం అంచనాను విని నడవడిక మార్చుకుంటారు. బ్యాంకు మునుగుతుందన్న పుకారు పుట్టి ఖాతాదారులందరూ ఒకేసారి సొమ్ము అడిగితే, నిలకడగా ఉన్న బ్యాంకు కూడా నిజంగానే మునగవచ్చు, ఎందుకంటే జమ అయిన డబ్బులో అధిక భాగం అప్పుల రూపంలో బయట ఉంటుంది.

రెండో సమాధానం:
దీనికి ఆర్థికవేత్త బ్రయన్ ఆర్థర్ 1994లో చక్కని ఉదాహరణ ఇచ్చారు. 100 మంది ఉన్న ఊళ్లో ఒక వినోదశాలకు 60 మందికి మించి రాకపోతేనే సాయంత్రం హాయిగా గడుస్తుంది. జనం తక్కువగా ఉంటారని అందరూ నమ్మితే అందరూ వెళ్తారు. కిక్కిరిసిపోతుందని నమ్మితే ఎవరూ వెళ్లరు. ఏ అంచనా అందరిదీ అయితే అదే తప్పుతుంది. నాకు ఇంతకంటే స్పష్టమైన వివరణ కనబడలేదు.

మూడో సమాధానం:
అంగీకరిస్తాను, కానీ చేతులెత్తేయనక్కరలేదు. పుకారు ఎప్పుడు పుడుతుందో చెప్పలేకపోయినా, ఏ బ్యాంకు మితిమీరిన అప్పుతో బలహీనంగా ఉందో కొలవవచ్చు. 1933 చట్టంతో అమెరికాలో డిపాజిట్లకు బీమా వచ్చాక బ్యాంకులపై జనం ఎగబడడం బాగా తగ్గింది. ఆ పనికి తేదీలు ముందే తెలియనవసరం లేకపోయింది.