పదిమంది లోపు పనివాళ్లున్న యజమాని కూడా ఆరోగ్య బీమా కట్టాలా?

జీడి యూనిట్ యజమాని, పలాస:
నా దగ్గర పద్నాలుగు మంది పనిచేస్తారు. పదిమంది ఉంటే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) తప్పనిసరి కాబట్టి కడుతున్నాను. ఇప్పుడు ఆ పదిమంది పరిమితి తీసేసి, నలుగురున్నా కట్టాలని కొందరు అంటున్నారు. 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది కదా! జీడి పిక్కల ధర మా చేతిలో లేదు, జీడిపప్పు ధరా లేదు. ఇది కూడా మా నెత్తినేనా?

మందస కుర్రాడు:
అన్నా, మా అమ్మ పదేళ్లు పిక్కలు కొట్టింది. ఎంత నూనె రాసుకున్నా జీడి రసం పడి వేళ్ల చివర్లు నల్లబడి చిట్లిపోయేవి. పులుసన్నం కలిపితే మంట. అందుకని చెంచాతో తినేది. ఆ వేళ్లకి ఎవరూ ఆసుపత్రిలో చేర్చుకోరు. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్లకి, పెద్ద జబ్బులకి. పూత మందు కొనుక్కుని నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఆ నాలుగు రోజుల కూలీ పోయేది.

ఈఎస్ఐ ఉంటే చిన్న జబ్బుకీ మందులిస్తారు. ఆరు నెలల్లో 78 రోజుల చందా పడితే, జబ్బు సెలవులో 70 శాతం జీతం వస్తుంది, ఏడాదికి 91 రోజుల దాకా. నెలకి 12,000 జీతమైతే మీ వాటా 3.25 శాతం, అంటే 390 రూపాయలు. పనిచేసేవాళ్ల వాటా 90. 2019 జూలైకి ముందు మీ వాటా 4.75 శాతం ఉండేది, అది తగ్గించారు కూడా.

అమ్మ పనిచేసిన చోట పద్దెనిమిది మంది ఉండేవారు. పుస్తకంలో తొమ్మిదిమందే. పది అనే గీత ఉన్నన్నాళ్లూ ఇలా రాసేవాళ్లు రాస్తూనే ఉంటారు. అందుకే ఆ గీత తీసేయమంటున్నాను.

జూట్ కార్మికుడు, విజయనగరం జిల్లా:
తమ్ముడు చెప్పింది నిజమే. కాకపోతే ఈఎస్ఐ కార్డు ఒక్కటే ఉంటే చాలదు. డాక్టరు దగ్గర్లో ఉండాలి. మందుల కోసం బస్సెక్కి పోతే ఒక రోజు కూలీ అక్కడే పోతుంది. జీతం 21,000 దాటితే ఈఎస్ఐ వర్తించదు. 2017లో పెట్టిన పరిమితి అది. దాన్నీ పెంచాలి.

జీడి యూనిట్ యజమాని, పలాస:
తమ్ముడూ, అమ్మగారి చేతుల సంగతి చదివి బాధేసింది. తొమ్మిది రాసేవాళ్లు ఉన్నమాట కూడా వాస్తవం. నేను కడుతుంటే, కట్టనివాడు నాకంటే తక్కువకి పప్పు అమ్ముతున్నాడు. కాబట్టి తనిఖీ గట్టిగా చేయమనండి, నేనూ అడుగుతాను. కానీ ఇంటి వసారాలో ముగ్గురితో నడుపుకునేవాళ్ల వాటా ప్రభుత్వమే కట్టాలి. ఆ విషయంలో మాత్రం నా మాట మారదు.