కాగితం కోత తగ్గించినందుకు సర్టిఫికెట్ ఒక్కటేనా? ఎంబీఏ వేసవి ఇంటర్న్‌షిప్‌పై చర్చ

కోతకాగితం:
అందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలో ఎంబీఏ చదువుతున్నాను. మొదటి సంవత్సరం పరీక్షలయ్యాక ఎనిమిది వారాలు ఏదైనా కంపెనీలో పనిచేసి రిపోర్టు ఇవ్వాలి. బాబాయికి తెలిసినవారి ద్వారా జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక కంపెనీలో చోటు దొరికింది. పేరు చెప్పను. వాళ్లు నాతో మర్యాదగానే ఉన్నారు, ఆ మాట ముందే చెబుతున్నాను.

మొదటి రెండు వారాలు నాకు పనే లేదు. అకౌంట్స్ గదిలో ఒక కుర్చీ చూపించారు. పాత ఇన్వాయిస్‌లు తేదీల వారీగా సర్దాను, టీ వచ్చినప్పుడల్లా తాగాను. మూడో వారం ప్రొడక్షన్ మేనేజర్‌గారు పిలిచి, "వేస్టేజి పెరుగుతోంది, ఎక్కడ పోతోందో చూడమ్మా" అన్నారు.

పెట్టె ఖర్చులో పెద్ద వాటా క్రాఫ్టు అనే గట్టి గోధుమరంగు కాగితానిదే. అది రీళ్లుగా వస్తుంది. రీలు వెడల్పును డెకిల్ అంటారు. 110 సెంటీమీటర్ల రీలు మీద 98 సెంటీమీటర్ల షీటు తీస్తే 12 సెంటీమీటర్లు అంచు కోతలో పోతుంది. అంటే కొన్న కాగితంలో దాదాపు పదకొండు శాతం తూకానికి అమ్ముకోవడమే. అదే రీలు మీద 53 సెంటీమీటర్ల షీట్లు రెండు పక్కపక్కనే తీస్తే పోయేది 4 సెంటీమీటర్లు. ఏ ఆర్డరును ఏ రీలు మీద, దేనితో కలిపి నడపాలో ముందురోజే తేల్చే ఎక్సెల్ షీటు ఒకటి తయారుచేశాను. చివరి రెండు వారాలు దాని ప్రకారమే నడిపారు. తుక్కు బేళ్లు తగ్గడం నా కళ్లతో చూశాను. నేను వచ్చేసినా ఆ షీటు అక్కడ నడుస్తూనే ఉంది.

ఆఖరి రోజు స్టైపెండ్ ఏమైనా ఇస్తారా అని అడిగాను. హాస్టలుకు నెలకు 6,500, బస్సు ఖర్చు వేరే. మా నాన్న కౌలుకు మిరప వేస్తారు, ఆ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారో నాకు తెలుసు. హెచ్‌ఆర్ మేడమ్ నవ్వి, "నేర్చుకోవడానికి వచ్చావు కదమ్మా" అన్నారు. సర్టిఫికెట్, పెన్నుల సెట్టు ఇచ్చారు. నా క్లాసులో కొందరు ఊరు కదలకుండా రిపోర్టూ సర్టిఫికెట్టూ కొనుక్కున్నారు. వచ్చే వారం వైవాలో వాళ్లూ నేనూ ఒకే వరుసలో కూర్చుంటాం.

అడగడం నా తప్పా? లేక ముందే అడగకపోవడం తప్పా?

పాతలెడ్జరు:
తప్పేమీ లేదమ్మా, కానీ బాధపడాల్సిన పనీ లేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఫ్యాక్టరీ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. మీరు నేర్చుకున్న డెకిల్ లెక్క ఏ తరగతి గదిలోనూ దొరకదు. ఆ మేనేజర్ మీకు ఇచ్చిన గంటల ఖరీదు ఎవరు కడతారు? టొయోటాలో ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తాయిచి ఓనో నేల మీద సుద్దముక్కతో వలయం గీసి, ఇంజనీరును అందులో నిలబెట్టి, గంటల తరబడి పనిని చూడమనేవారట. చూడటం వస్తే మిగతావన్నీ వస్తాయి. మీకు ఆ వలయం దొరికింది. నా తొలి ఏడాది నాకు దొరికింది పాత వోచర్ల కట్టలు, వాటిలో చెదలు.

కోతకాగితం:
తాతగారూ, ఓనో వలయంలో నిలబెట్టింది నెల జీతం తీసుకునే ఇంజనీర్లను కదా.

పాతలెడ్జరు:
ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేదు. మిగతాది వెనక్కి తీసుకోను.

బాక్సులబాబు:
విజయవాడ దగ్గర నాకూ ఇదే వ్యాపారం ఉంది, చిన్న యూనిట్టు. యజమానుల వైపు నుంచి మాట్లాడేవాళ్లు ఇక్కడ తక్కువ కనుక నేను మాట్లాడతాను, తర్వాత తిట్టండి.

మొదటిది, ఏప్రిల్ వస్తే చాలు, ఏదో ఒక కాలేజీ నుంచి ఫోను: "సార్, మా పిల్లలు పదిమందికి అవకాశం ఇవ్వండి." పదిమందిలో ఏడుగురు మూడో రోజు నుంచి రారు, చివరి రోజు సర్టిఫికెట్‌కు మాత్రం వస్తారు. అందరికీ స్టైపెండ్ ఇవ్వాలంటే అసలు ఎవరినీ తీసుకోను. అప్పుడు ఈ అమ్మాయిలాంటి వాళ్లకూ తలుపు మూసుకుపోతుంది.

రెండోది, డబ్బు. పెద్ద కంపెనీలకు పెట్టెలు వేస్తాం. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని ఆదాయపు పన్నుకూ ముడిపెట్టారు, గడువు దాటితే కొన్నవాడు ఆ ఖర్చును అసలు కట్టేదాకా చూపించుకోలేడు. నాకు ఇప్పటికీ కొందరి దగ్గర తొంభై రోజులు పడుతోంది. గట్టిగా అడిగితే మరుసటి నెల ఆర్డరు పక్క యూనిట్టుకు వెళుతుంది. కాగితం మిల్లు మాత్రం నన్ను ఒక్క రోజు కూడా ఆగనివ్వదు.

మూడోది ఎవరూ మాట్లాడరు. కాగితాన్ని అలలుగా వంచే, అంటే ఫ్లూట్ వేసే రోలర్లు వేడిగా ఉంటాయి, తిరుగుతూ ఉంటాయి. చున్నీ కొస చిక్కుకుంటే? నా పనివాళ్లకు ఈఎస్ఐ బీమా ఉంది, ఇంటర్న్‌కు లేదు. అందుకే చాలామంది ఆఫీసు గదిలో కుర్చీ చూపించి ఊరుకుంటారు. అది నిర్లక్ష్యం అనుకుంటారు మీరు, నిజానికి సగం భయం.

నిబంధన:
బాబుగారి మూడో మాటతో ఏకీభవిస్తాను, మొదటి రెండింటితో కాదు.

ఈ అమ్మాయి ఎక్కడ నిలబడిందో చూడండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒప్పందం రాసుకుని ఉంటే స్టైపెండ్ తప్పనిసరి. 2019లో సవరించిన నియమాలు డిగ్రీ చదివిన అప్రెంటిస్‌కు కనీసం నెలకు 9,000 అని పెట్టాయి. ముప్పైమంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలని కూడా అవే నియమాలు చెప్పాయి. కానీ కాలేజీ పంపే వేసవి ఇంటర్న్ అప్రెంటిస్ కాదు. పోనీ, 2024 బడ్జెట్‌లో ప్రకటించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉంది కదా, నెలకు 5,000 అన్నారు కదా అంటారా? ఆ ప్రకటన ప్రకారం అది పెద్ద కంపెనీల్లో, ఏడాది పాటు. 2024లో పెట్టిన నిబంధనల్లో పూర్తికాలం చదువుతున్నవాళ్లకు ప్రవేశం లేదు. చదువు ముగించి వెళ్దామంటే ఎంబీఏ చేసినవాళ్లు అనర్హులని వాటిలోనే రాశారు.

పనివాడు కాడు, అప్రెంటిస్ కాడు, పథకంలో లబ్ధిదారు కాడు. రెండు ఊళ్ల పొలిమేరలో మొలిచిన చెట్టులాంటివాడు ఇంటర్న్. నీడకు అందరూ వస్తారు, నీళ్లు పోయడానికి ఎవరి ఊరి చెట్టూ కాదు.

నా మట్టుకు గీత స్పష్టంగా ఉంది. చూసి నేర్చుకుంటే స్టైపెండ్ ఇవ్వకపోయినా ఫరవాలేదు. చేసిన వస్తువును కంపెనీ వాడుకుంటే అది పని, పనికి డబ్బు. ఆ ఎక్సెల్ షీటు ఇంకా నడుస్తోందని ఆమే చెప్పింది.

బాక్సులబాబు:
గీత కాగితం మీద బాగానే ఉంటుందండీ. రెండు ఆర్డర్లు ఒకే రీలు మీద కలపాలంటే జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరు కాగితం బరువు ఒకటే కావాలి, బర్స్టింగ్ ఫ్యాక్టర్, అంటే పగలకుండా ఒత్తిడి తట్టుకునే బలం ఒకటే కావాలి, డెలివరీ తేదీలు దగ్గరగా ఉండాలి. లేకపోతే కలిపి కోసిన రెండో ఆర్డరు గోదాములో పడి వానాకాలం తేమకు మెత్తబడుతుంది. విద్యార్థి చేసిన షీటును నమ్మి నడిపి నష్టం వస్తే ఆ నష్టం ఎవరిది? నాదే కదా. నష్టంలో వాటా లేనప్పుడు లాభంలో వాటా ఎలా?

నిబంధన:
మీ అకౌంటెంట్ తప్పు చేసినా నష్టం మీదే. ఆయనకు జీతం ఇవ్వడం మానేశారా?

తరగతిగది:
పదేళ్లుగా ఎంబీఏ పాఠాలు చెబుతున్నాను. ఇందులో మా వంతు పాపం ఎక్కువ, అందుకే రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలోనే పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఎంబీఏలో వేసవి ప్రాజెక్టు ఎప్పటి నుంచో ఉంది. ఆలోచన మంచిదే. కానీ చిన్న పట్టణంలో కాలేజీ చుట్టూ ఏముంటాయి? జిన్నింగు మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, రైసు మిల్లులు. వందమంది విద్యార్థులకు వంద చోట్లు ఎక్కడ? మేము ఉత్తరం ఇచ్చి, "మీరే వెతుక్కోండి" అంటాం. బంధువున్నవాడికి చోటు, డబ్బున్నవాడికి కొన్న సర్టిఫికెట్. రెండూ లేనివాడు మా గదుల చుట్టూ తిరుగుతాడు.

పైగా మేము కొలిచేది ఏమిటి? పేజీలు. ఎనభై పేజీలుండాలి, బైండింగు ఉండాలి, మొదటి అధ్యాయంలో పరిశ్రమ చరిత్ర ఉండాలి. కొన్న రిపోర్టులో ఇవన్నీ మరింత అందంగా ఉంటాయి. నిరుడు ఒక విద్యార్థి రిపోర్టులో కంపెనీ పేరు మార్చడం మరిచిపోయి, సిమెంటు కంపెనీ అధ్యయనంలో "మా పాల ఉత్పత్తుల విక్రయాలు" అని వదిలేశాడు. సంతకం పెట్టింది నేనే. చదవకుండా పెట్టాను.

అమ్మా, స్టైపెండ్ ఇవ్వని కంపెనీ కంటే నీ ఎనిమిది వారాలనూ కొన్న కాగితాన్నీ ఒకే తక్కెడలో వేసే మేమే నీకు ఎక్కువ బాకీ.

రెండోషిఫ్టు:
నేను అట్టకు అలల పొర వేసే కారుగేషన్ మెషిన్ ఆపరేటర్‌ని. పద్నాలుగేళ్ల అనుభవం. ఈ అమ్మాయి వెళ్లిన కంపెనీ కాదు, కానీ అన్నీ ఒకలాంటివే.

అందరూ స్టైపెండ్ గురించి మాట్లాడుతున్నారు. నాది ఒకే ప్రశ్న. అమ్మా, కాగితం కోతలో పోతోందని మీకు మొదట చెప్పింది ఎవరు? కంప్యూటరులో కనబడిందా?

అడగడానికి కారణం ఉంది. పెద్ద రీలు మీద చిన్న షీటు ఎక్కించినప్పుడల్లా మా కడుపు మండుతుంది. పక్కన పడే కాగితాన్ని బేలు కట్టేది మేమే. సూపర్‌వైజరుకు చెబితే "ప్లానింగ్ వాళ్లు చూసుకుంటారు" అంటాడు. ప్లానింగ్ వాళ్లు మెషిన్ దగ్గరికి రారు. ల్యాప్‌టాప్ పట్టుకుని ఎవరైనా వచ్చి అదే మాట రంగురంగుల గీతల్లో చూపిస్తే మీటింగు పెడతారు.

కోతకాగితం:
అన్నా, రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

కంప్యూటరులో కనబడలేదు. కంప్యూటరులో వేస్టేజి అంతా ఒకే అంకె. గమ్ము సరిగా అంటక పోయింది, ప్రింటింగులో పోయింది, అంచు కోతలో పోయింది, అన్నీ కలిపి ఒకే గడిలో ఉంటాయి. మూడో వారం మెషిన్ పక్కన నిలబడి ఏం రాసుకోవాలో తెలియక దిక్కులు చూస్తుంటే, అక్కడి ఆపరేటరుగారు కోత ముక్కను నా చేతిలో పెట్టి, "దీన్ని కొలవండి మేడమ్" అన్నారు. పన్నెండు సెంటీమీటర్లు. నా రిపోర్టు అంతా ఆ ముక్కలోంచే వచ్చింది. ఇంకొకాయన నాలుగు రోజులు నా కోసం అంచు కోతను విడిగా తూకం వేయించారు, ఓవర్‌టైం లేకుండా.

నా మొదటి పోస్టులో వాళ్లు లేరు. రిపోర్టులోనూ లేరు. కృతజ్ఞతల పేజీలో ఎండీగారు, హెచ్‌ఆర్ మేడమ్, మా ప్రిన్సిపాల్‌గారు ఉన్నారు. నా కష్టం ఎవరూ లెక్కించలేదని ఏడుస్తూ నేను చేసింది అదే.

పాతలెడ్జరు:
బైండింగుకు ఇచ్చేశారా?

కోతకాగితం:
ఇచ్చాను. ఈరోజు వెళ్లి ఆ పేజీ మార్పించాను. షాపాయన వంద రూపాయలు తీసుకున్నాడు. మా గైడ్‌గారు "ఆపరేటర్ల పేర్లు ఎవరు వేస్తారమ్మా" అన్నారు కానీ సంతకం పెట్టారు.

తరగతిగది:
చదివే పెట్టారన్నమాట. నాకంటే నయం.

నిబంధన:
రెండోషిఫ్టుగారి ప్రశ్న నా గీతను కొంచెం జరిపింది, ఒప్పుకుంటాను. ఆ షీటుకు డబ్బు ఇవ్వాలంటే ముగ్గురికి ఇవ్వాలి. ఒక్కరికీ ఇవ్వకపోవడానికి మాత్రం అది కారణం కాదు.

రెండోషిఫ్టు:
మాకు పేరు పడితే చాలని నేను అనలేదండీ. డబ్బు కూడా మంచిదే.

బాక్సులబాబు:
సరే, ఇంతసేపు వాదించాను కనుక సిగ్గు విడిచి అడుగుతున్నాను. మా దగ్గర 110, 125 రీళ్లు రెండూ వాడతాం. అమ్మాయీ, ఆ ఎక్సెల్ షీటు ఒకసారి పంపగలవా?

కోతకాగితం:
ఆ షీటు ఆ కంపెనీదండీ, వాళ్ల ఆర్డర్ల వివరాలు అందులో ఉన్నాయి. పంపలేను. మీ ఆర్డర్ల సైజులు, రీళ్ల నిల్వ ఇస్తే కొత్తగా చేస్తాను. దసరా సెలవుల్లో వారం రోజులు రాగలను. కానీ ఈసారి ముందే అడుగుతున్నాను: రోజుకు ఎంత ఇస్తారు? ఉండటానికి చోటు ఎక్కడ? మెషిన్ దగ్గరికి వెళ్లనిస్తారా?

బాక్సులబాబు:
వెళ్లనిస్తాను. చున్నీ వద్దు, జుట్టు ముడి వేసుకుని రావాలి. రోజుకు ఎంతో రేపు మా అకౌంటెంట్‌ను అడిగి ఇక్కడే రాస్తాను.

రెండోషిఫ్టు:
మీ ఆపరేటరును కూడా అడగండి సార్, అకౌంటెంట్‌తో పాటు.