సెషన్ ముగిసినప్పుడు మా సొంత పేజీ చూపించడం ఎలా?

బెంగళూరులోని ఒక తెలుగు సంఘం సభ్యత్వ నమోదు కోసం జేఎస్ఎఫ్‌లో (జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్) రాసిన అప్లికేషన్‌ను టామ్‌క్యాట్ సర్వర్‌పై నడుపుతున్నాను. 30 నిమిషాలు ఏమీ చేయకుండా ఉంటే సెషన్ (సర్వర్ ఆ సభ్యుడిని గుర్తుంచుకునే వ్యవధి) ముగుస్తుంది. ఆ తర్వాత ఫారం పంపిన సభ్యులకు తెర నిండా వ్యూ ఎక్స్‌పైర్డ్ ఎక్సెప్షన్ (పేజీ గడువు తీరిందనే ఎర్రర్) కనిపించేది. పెద్దవాళ్లయితే కట్టిన చందా పోయిందేమోనని కంగారుపడేవారు. అప్లికేషన్ సెట్టింగుల ఫైలైన వెబ్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఆ ఎక్సెప్షన్‌కు తెలుగు పేజీని జతచేశాక మామూలు రిక్వెస్టులకు అది సరిగానే వస్తోంది గాని, అజాక్స్ బటన్ (పేజీ మొత్తం మళ్లీ లోడ్ కాకుండా పనిచేసేది) నొక్కితే మాత్రం తెరపై ఉలుకూ పలుకూ ఉండదు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే పార్షియల్ రెస్పాన్స్ (అజాక్స్‌కు సర్వర్ పంపే జవాబు) లోపల ఎర్రర్ ట్యాగ్ ఉంటోంది. దీనికి సర్వర్‌లో సొంత ఎక్సెప్షన్ హ్యాండ్లర్ (ఎర్రర్‌ను పట్టుకునే కోడ్) రాసి రీడైరెక్ట్ చేయడం మేలా, లేక బ్రౌజర్‌లోనే జావాస్క్రిప్ట్‌తో పట్టుకోవాలా? సభ్యుడు ఎంచుకున్న భాష కూడా సెషన్‌తోపాటే పోతున్నందున, దాన్ని కుకీలో (బ్రౌజర్ దాచుకునే చిన్న సమాచారం) ఉంచడం సబబేనా అన్నదీ దయచేసి తెలియజేయగలరు.