ఆ ఫ్లెక్సీ చేయనంటే తప్పా?

బీసెంట్ రోడ్ డిజైనర్:
పోయిన వారం ఒక పార్టీవాళ్లు వచ్చి, అవతలి నాయకుడి మొహాన్ని కుక్క ఒంటికి అతికించి ఫ్లెక్సీ చేయమన్నారు. చేయనన్నాను. "పని పనే, నీకు రాజకీయం ఎందుకు?" అని తోటివాళ్లే కోప్పడుతున్నారు.

రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకున్నప్పటి నుంచి ఆ ఆట చరిత్ర చదువుతున్నాను. 1985లో ఆస్ట్రేలియా సర్ఫర్ టామ్ కారోల్ వర్ణవివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికా పోటీలకు వెళ్లనన్నాడు. అప్పటికే 1983, 84లో ప్రపంచ చాంపియన్. వెళ్లకపోతే పాయింట్లు పోతాయని తెలుసు. టామ్ కర్రెన్, మార్టిన్ పాటర్ అనే తోటి సర్ఫర్లు కూడా తోడు నిలిచారు. అలల మీద ఆడుకునేవాళ్లకి రాజకీయం ఎందుకని అప్పుడూ అనే ఉంటారు. పని నా చేతిలోంచి వెళ్తున్నప్పుడు అందులో నా మాట కూడా ఉండాలి కదా?

గుంటూరు ప్రెస్:
తమ్ముడూ, కారోల్ చాంపియన్, స్పాన్సర్లున్నవాడు. మాకు మిషన్ మీద ఈఎంఐ ఉంది. ఎలక్షన్ నెలల్లో వచ్చే డబ్బుతోనే మిగతా ఏడాది నెట్టుకొస్తాం. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "వార్డు ప్రెసిడెంట్ ఫోటో నాకంటే పెద్దదైంది" అంటే లేచి ఫైల్ మార్చి పంపాలి. ఒక్క పని కాదంటే ఆ వర్గం మొత్తం పక్క షాపుకి పోతుంది. ఆపరేటర్ జీతం నువ్విస్తావా?

అరండల్‌పేట డీటీపీ:
అన్నా, నేను జీతానికి చేసేదాన్నే. ఒకసారి ఒక మహిళా నాయకురాలి తలని వేరే ఒంటికి అతికించమన్నారు. జుట్టు అంచులు శుభ్రంగా కట్ చేసి, మెడ దగ్గర రంగు కలిపి ఇచ్చాను. ఆ సెంటర్‌లో ఫ్లెక్సీ ఉన్న నాలుగు రోజులూ ఆటోలో తల దించుకుని వెళ్లాను. పక్క షాపులో ఒకరు కాదన్నారని తెలిసుంటే నేనూ మా ఓనర్‌ని అడిగేదాన్ని.

బీసెంట్ రోడ్ డిజైనర్:
అన్నా, జీతానికి చేసే ఆపరేటర్‌ని నేను తప్పు పట్టను. ఈఎంఐ మాట కూడా నిజమే, నాకూ ఉంది. కానీ పార్టీ పనే వద్దని నేననలేదు. అదే పార్టీ సభ ఫ్లెక్సీ, నాయకుల ఫోటోలు, తేదీ, స్థలం అన్నీ పెట్టి నిన్న రాత్రే పంపాను. కుక్క బొమ్మ ఫైల్ మాత్రం అసలు తెరవలేదు. అక్కా, మీ ఓనర్ ఒప్పుకుంటే నేనొచ్చి మాట్లాడతాను.