సకినం కొరికినప్పటి నుంచి దవడ టక్కుమంటోంది, వ్యాయామాలతో తగ్గుతుందా?

కుట్టుమిషన్ అక్క, హన్మకొండ:

అందరికీ నమస్తే. నాకు 41 ఏళ్లు. పదహారేళ్లుగా ఇంట్లోనే బ్లౌజులు కుడుతున్నా. ఈ సంక్రాంతికి మా అత్తమ్మ చేసిన సకినాలు కొంచెం గట్టిగా వచ్చాయి (ఆమెకు చెప్పలేదు, మీరూ చెప్పకండి). ఒకటి కుడివైపు పంటి కింద పెట్టి కొరికానో లేదో, చెవి ముందర టక్కుమంది. అప్పటి నుంచి నోరు తెరిస్తే ఒక టక్, మూస్తే ఇంకో చిన్న టక్. పక్కన కూర్చున్న మా బిడ్డకు కూడా వినిపిస్తోంది.

పొద్దున లేవగానే నోట్లో రెండు వేళ్లే పడతాయి. చాయ్ తాగి గంట గడిస్తే గానీ మూడో వేలు పట్టదు. కణత లాగుతుంది, చెవిలో పోటు. చెవి డాక్టర్ దగ్గరికి పోతే చెవికేం లేదన్నారు. పళ్ల డాక్టర్ ఓపీజీ (దవడ, పళ్లన్నీ ఒకేసారి కనబడే) ఎక్స్‌రే తీయించి, ఎముక బాగానే ఉంది, ఇది టీఎంజే, అంటే దవడ కీలు సమస్య అన్నారు. రాత్రి పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ ఇచ్చి ఫిజియోథెరపీ చేయించుకోమన్నారు.

మోకాలికి, నడుముకు ఫిజియో అంటే విన్నాను గానీ దవడకు ఏం చేస్తారు? వీడియోల్లో ఒకాయన నోరు ఎంత పెద్దగా తెరిస్తే అంత మంచిదంటాడు, ఇంకొకామె అసలు తెరవొద్దంటుంది. పెళ్లిళ్ల సీజన్ మీదికొచ్చింది. చేసి తగ్గించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రిటైర్డ్ గార్డు, కాజీపేట:

చెల్లె, నాకు ఆవలింతలో పట్టేసింది. నోరు తెరుచుకుని అట్లనే ఉండిపోయింది, మాట రాదు, చొంగ కారుతోంది. మా ఆవిడ ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఆస్పత్రిలో డాక్టర్ బొటనవేళ్లు లోపల పెట్టి దవడను కిందికి, వెనక్కి తోసి సరిచేశారు. అప్పటి నుంచి ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టుకుంటా. బబుల్ గమ్ నమిలితే కీలు వదులవుతుందని ఎవరో చెబితే వారం నమిలాను, నొప్పి రెండింతలైంది. ఆ పని మాత్రం చేయకు.

దవడ ఫిజియో, కరీంనగర్:

అక్కా, ముందు రెండు ప్రశ్నలు. దారం దేంతో తెంపుతారు? గుండు సూదులు ఎక్కడ పట్టుకుంటారు?

నా ఊహ నిజమైతే సకినం మీద నేరం పూర్తిగా మోపలేం. అది ఆఖరి దెబ్బ మాత్రమే. చెవి ముందర కీలులో ఎముకకూ ఎముకకూ మధ్య మెత్తటి చిన్న బిళ్ల ఉంటుంది. దాన్ని డిస్క్ అంటాం. అది కాస్త ముందుకు జారితే, నోరు తెరిచినప్పుడు ఎముక దాని మీదికి ఎక్కుతూ టక్కుమంటుంది, మూసినప్పుడు దిగుతూ ఇంకోసారి. ఈ డిస్క్ మామూలు ఎక్స్‌రేలో కనబడదు, అందుకే మీది బాగానే ఉన్నట్టు వచ్చింది. ఎంఆర్ఐలో కనబడుతుంది గానీ మీకు ఇప్పుడే అది అక్కర్లేదనిపిస్తోంది. నొప్పి లేకుండా ఉత్త శబ్దమే ఉంటే చాలామందికి వైద్యమే అవసరం ఉండదు. పొద్దునే బిగుసుకుంటోందంటే రాత్రి పళ్లు బిగపడుతున్నారేమో. నైట్ గార్డ్ పళ్లు అరగకుండా కాపాడుతుంది, ఆ అలవాటును మాత్రం మాన్పించదు.

అసలు వ్యాయామం కదలించడం కాదు, వదిలెయ్యడం. 'ల' అనబోయి ఆగండి. నాలుక కొన పై పళ్ల వెనక చిన్న గట్టు మీద ఆనుతుంది కదా, అక్కడే ఉంచండి. పెదవులు కలవాలి, పళ్లు మాత్రం తాకకూడదు. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప రోజంతా దవడ అలాగే ఉండాలి. ఇది వచ్చేస్తే సగం పని అయినట్టే.

రెండోది, నాలుక అక్కణ్ణుంచి లేవకుండా ఎంతవరకు నోరు తెరుచుకుంటుందో అంతవరకే మెల్లగా తెరిచి మూయండి. ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు. అద్దం మీద నిలువుగా ఒక దారం అతికించి దాని ముందు చేయండి. గడ్డం దారాన్ని వదిలి పక్కకు పోతోందంటే అక్కడ ఆగి మళ్లీ మొదలుపెట్టండి. ఇది కుదిరాక గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, అవి ఆపుతుంటే దవడ కిందికి నెట్టండి. దవడ కదలకూడదు, ఐదారు సెకన్లు చాలు. ఎడమ, కుడి పక్కలకూ అంతే. బలం చూపించే పని కాదిది, కోడిగుడ్డు పట్టుకున్నంత ఒత్తిడి.

చేసేముందు వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు చెంప మీద పది పదిహేను నిమిషాలు. పళ్లు బిగిస్తే చెంపలో ఉబ్బే కండను వేలికొనలతో గుండ్రంగా రుద్దండి. మెడ సంగతి కూడా చూడాలి. మిషన్ మీదికి తల ముందుకు చాస్తే దవడ కండరాలు ఊరికే ఉండవు. గంటకోసారి గడ్డాన్ని వెనక్కి లాగి నిటారుగా కూర్చోండి.

నోరు పెద్దగా తెరిపించే వీడియోలు చూడకండి. టక్ అంటుందా లేదా అని పదేపదే పరీక్షించొద్దు, అందరూ చేసే తప్పదే. చేసిన తర్వాత నొప్పి గంటల తరబడి ఉంటే సగానికి తగ్గించండి. శబ్దం ఆగిపోయి నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోకుండా పోతే మంచి గుర్తనుకోకండి, డిస్క్ అడ్డం పడి ఉండొచ్చు, వెంటనే చూపించుకోండి.

కుట్టుమిషన్ అక్క:

మేడమ్, మా ఇంట్లో కెమెరా పెట్టారా! దారం పళ్లతోనే. సూదులు కూడా పెదవుల మధ్యే, ఒక్కోసారి పంటి మధ్య.

మంచిర్యాల తమ్ముడు:

నోరు తెరుచుకోని ప్రతిదీ కీలు సమస్య కాదు. మా అన్నకు టక్ శబ్దమేమీ లేదు, మిరపకాయ తగిలితే నోరు మండేది, మెల్లమెల్లగా తెరవడం తగ్గిపోయింది. ఏళ్ల తరబడి గుట్కా, వక్క. చెంపల లోపల తెల్లగా గట్టిపడిందని డాక్టర్ చెప్పారు.

దవడ ఫిజియో:

చాలా మంచి మాట తమ్ముడూ. దాన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. దానికి వ్యాయామం ఒక్కటే చాలదు, వక్క మానేసి డాక్టర్‌కు చూపించుకుంటూ ఉండాలి. ఇంకొకటి, మెట్లెక్కితే దవడ లాగి, ఆగితే తగ్గితే అది గుండె నొప్పి కావచ్చు. ఫిజియో కోసం వెతకొద్దు.

కుట్టుమిషన్ అక్క (తొమ్మిది వారాల తర్వాత):

తర్వాత ఏమైందో చెబుతున్నా. మొదటి రెండు వారాలు ఏం తేడా లేదు, కోపమొచ్చింది. రోజుకు ఆరు విడతలంటే గుర్తుండేది కాదు. బాబిన్ మార్చినప్పుడల్లా చేయాలని పెట్టుకున్నా, మిషన్ మెడకు ఎర్ర దారం కట్టా. అది కనబడినప్పుడల్లా పళ్లు తాకుతున్నాయా అని చూసుకుంటా. నూటికి తొంభైసార్లు తాకే ఉండేవి! ముఖ్యంగా చంక దగ్గర చేయి అతికించేటప్పుడు.

ఇక్కడ ఫిజియో మేడమ్ దగ్గరికి నాలుగుసార్లు వెళ్లా. గ్లవ్ వేసుకుని నోటి లోపలి నుంచి చెంప కండను నొక్కితే కళ్లలో నీళ్లొచ్చాయి గానీ బయటికొచ్చేసరికి మొహం తేలికైంది. నెల పాటు మక్క గట్క, పెసరపప్పు అన్నమే తిన్నా, ఆదివారం నల్లి బొక్కలు బంద్. మా ఆయన సంతోషంగా నా వాటా కూడా తిన్నాడు.

ఇప్పుడు పొద్దునే మూడు వేళ్లు పడుతున్నాయి. కణత నొప్పి వారానికి ఒకరోజు. టక్ శబ్దం మాత్రం పోలేదు, కొంచెం మెత్తబడింది, దాన్ని పట్టించుకోవడం మానేశా. మొన్న పెళ్లి ఆర్డర్ తొందరలో దారం నోటి దాకా తీసుకుపోయా, పంటికి తగలగానే ఆగిపోయా. చిన్న కత్తెర తాడు కట్టి మెడలో వేసుకున్నా. అత్తమ్మ చూసి, నీకు మీ ఆయన చేయించిన నగ ఇదేనా అంటోంది.